ఎడమకు తిరిగిన పిట్ట

బాలికా దళం ఆఫీసులో ఆమెను అందరూ బిళ్ళల పిన్ని అనేవారు. మెట్ల కింద ఉన్న స్టోరు గది ఆమె రాజ్యం. దళంలో చేరిన ఆడపిల్లలు ఈత నేర్చుకుంటే ఒక బిళ్ళ, వంట నేర్చుకుంటే ఒక బిళ్ళ, గాయానికి కట్టు కట్టడం నేర్చుకుంటే మరో బిళ్ళ సంపాదించుకుని, భుజం మీంచి నడుము దాకా వేసుకునే పట్టీకి కుట్టుకుంటారు. ఆ గుడ్డ బిళ్ళలన్నీ ఆమె మిషను మీంచి రావలసిందే. ఒకసారి కొత్తగా చేరిన గుమాస్తా ఈ పేరు విని, పాపం, తలనొప్పి బిళ్ళ కావాలని వచ్చాడు. ఆమె నవ్వకుండా ఒక గుడ్డ బిళ్ళ తీసి చేతిలో పెట్టి, "నుదుటికి అంటించుకో బాబూ, సాయంత్రానికి సర్దుకుంటుంది" అంది. అతను నిజంగానే వెనక జిగురుందేమోనని తిప్పి చూశాడు.

ఏళ్ళు గడిచేకొద్దీ బిళ్ళలు కుట్టడం కంటే పాత బిళ్ళలు పోల్చి చెప్పడమే ఆమెకు పెద్ద పని అయింది. అమ్మమ్మ పెట్టెలో దొరికిందనీ, అత్తగారి బీరువాలో దొరికిందనీ ఎవరెవరో తెచ్చేవారు. ఆమె తన భర్త వాచీలు బాగుచేసేటప్పుడు కంటికి పెట్టుకునే భూతద్దం లాంటిదే ఒకటి పెట్టుకుని, ముందు బిళ్ళ వెనక్కి తిప్పి చూసేది. ముందువైపు బొమ్మను చూసి మోసపోవచ్చు, వెనక ముడులు అబద్ధం చెప్పవు అనేది. చేత్తో కుట్టిందా, మిషను మీద కుట్టిందా, అంచు ఎలా మడిచారు, పిన్ను ఏ రకం అని చూసి, ఏ కాలపుదో, దేనికిచ్చారో చెప్పేది. ఒకావిడ తన నాయనమ్మ బిళ్ళ తెచ్చి, దానిమీద ఎర్రటి మంట ఉంది కనక ఆవిడ ఎవరినో అగ్నిప్రమాదంలోంచి కాపాడి ఉంటుందని, పిల్లలందరికీ ఆ కథే చెప్పి పెంచానని మురిసిపోయింది. పిన్ని చాలాసేపు చూసి, "అది మంట కాదమ్మా, కోడిపుంజు తురాయి. కోళ్ళ పెంపకానికి ఇచ్చేవాళ్ళు" అంది. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకుని, "సరేలెండి, కోళ్ళనైనా కాపాడే ఉంటుంది" అని తీసుకుపోయింది.

ఇలాంటి ముచ్చట్లు చెప్పి నవ్వించే పిన్ని ఒక్క విషయం దగ్గర మాత్రం మాట తప్పించేది. అది జలాశయంలో లాంచీ మునిగిన సంగతి.

అప్పటికి ఆమె స్టోరులో చేరి ఎంతోకాలం కాలేదు. దళం పిల్లలు జలాశయం అవతలి ఒడ్డున శిబిరం ముగించుకుని లాంచీలో తిరిగి వస్తున్నారు. నీళ్ళ మధ్యకు వచ్చాక గాలివాన పట్టుకుంది. పిల్లలు భయపడి అందరూ ఒకవైపుకు చేరడంతో లాంచీ ఒరిగిపోయింది. చాలామంది బయటపడ్డారు, ఏడుగురు పోయారు. ఆరుగురి శవాలు దొరికాయి. ఏడో పిల్ల దొరకలేదు. ఆ పిల్ల హైస్కూల్లో లెక్కల టీచరు గారి ఒక్కగానొక్క కూతురు.

లాంచీ డ్రైవరు ఈదుకుంటూ బయటపడ్డాడు. ఒడ్డున కూలబడి, "నా కూతురు కూడా లాంచీలో ఉంది, దాన్ని వెతకండి" అని ఏడ్చాడు. కానీ ఆ పిల్ల దళం మనిషి కాదు. తండ్రితో పాటు ఊరికే తిరిగే పిల్ల. బతికి బయటపడ్డ పిల్లల్లో ఎవరూ ఆమెను చూసినట్టు చెప్పలేదు. ఇంజను గది దగ్గర కూర్చునే పిల్లను ముందువైపు పాటలు పాడుకునేవాళ్ళు ఎలా చూస్తారన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కన్నబిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళ ముందు డ్రైవరు ప్రాణాలతో నిలబడి ఉన్నాడు, అదే అతని నేరం. తన కూతుర్ని ముందు ఒడ్డుకు చేర్చి పరాయి పిల్లల్ని నీళ్ళపాలు చేశాడన్నారు. జాలి సంపాదించుకోవడానికి కూతురు పోయిందని నాటకమాడుతున్నాడన్నారు. బస్టాండులో ఆ పిల్లను ఎవరో బంధువుతో చూశామని ఒకరన్నారు. ఇంకేముంది, ఆ మాట ఊరంతా పాకి నిజమై కూర్చుంది. అతన్ని కొట్టారు, జైల్లో పెట్టారు. బయటికి వచ్చాక ఎవరూ పడవ ఇవ్వలేదు. గోదాముల దగ్గర కాపలా కాసి, ఊపిరితిత్తులు చెడి, మంచాన పడి చనిపోయాడు. దొరకని పిల్ల ఒక్కతే అని లోకం తీర్మానించింది.

ఇన్నేళ్ళ తర్వాత, ఈ ఏడాది వానలు మొహం చాటేశాయి. జలాశయం ఎండి, నడుమ బురద పగిలి నెర్రెలు విచ్చింది. పైపులు వెయ్యడానికి తవ్వుతున్న కూలీలకు లాంచీ ఇనుప చట్రం, దానికింద ఒక పిల్ల ఎముకలు కనిపించాయి. ఎముకలు పరీక్షకు పంపిన కొన్నాళ్ళకు పోలీసులు ఫోన్లో తీసిన ఫోటోలు దళం ఆఫీసుకు పంపారు. పెద్దమేడం ఫోను పట్టుకుని మెట్లు దిగి వచ్చి, "పిన్నీ, ఇవి మనవేనా చూడు" అంది.

పట్టీ ముక్క, దానిమీద బురద పట్టిన మూడు బిళ్ళలు. నూలు భాగం ఎప్పుడో చీకిపోయింది, నైలాన్ దారం మాత్రం మిగిలింది. వంట బిళ్ళ మీద గరిటె, కట్టు బిళ్ళ మీద చెయ్యి, ఈత బిళ్ళ మీద అల, అల మీద నీటిపిట్ట. పిట్ట ముక్కు ఎడమవైపుకు ఉంది. దళం పిట్ట ఎప్పుడూ కుడివైపుకే చూస్తుంది. ఫోన్లలో బొమ్మ తిరగబడటం ఆమె చాలాసార్లు చూసింది. ఇదీ అదే అనుకుంది. టీచరు గారి అమ్మాయి పట్టీకి ఈ మూడు బిళ్ళలే ఉండేవని ఆమెకు గుర్తుంది. అవి కుట్టి ఇచ్చింది తనే.

"మనవే మేడం" అంది. ఫోను తిరిగిచ్చేస్తూ, "ఆ అమ్మాయివే" అని కూడా అంది.

ఆ ఒక్క మాట గంట తిరక్కుండా టీచరు గారింటికి చేరిపోయింది.

మర్నాడు డాక్టరు కబురు చేసి తన దగ్గరికి రప్పించాడు. ఎముకల పరీక్ష చేసే ఆయన. నెమ్మదిగా, అడిగినదానికే జవాబు చెప్పే మనిషి. "ఎముకలు మరీ నానిపోయాయి. వాటినుంచి ఏ ఇంటి పిల్లో తేల్చలేమని ల్యాబువాళ్ళు చేతులెత్తేశారు. పదీ పన్నెండేళ్ళ మధ్య ఆడపిల్ల అని మాత్రం చెప్పగలను. నాకు ఒకటే అర్థం కావడం లేదండీ. దళంలో చేరినవాళ్ళందరికీ మెడ దగ్గర పెట్టుకోవడానికి ఇత్తడి బిళ్ళ ఇస్తారట కదా. దొరికిన మిగతా ఆరుగురికీ అది ఉందని పాత కాగితాల్లో ఉంది. ఇక్కడ బురదంతా జల్లెడ పట్టించాను. లేదు. అందుకే మిమ్మల్ని రమ్మన్నాను."

పట్టీని కడిగి, గాజు పలక మీద పరిచి ఉంచారు. పిన్ని భూతద్దం కంటికి పెట్టుకుని వంగింది. పిట్ట ఎడమకే చూస్తోంది. ఇది ఫోటో కాదు, తిరగబడటానికి. సన్నటి పట్టకారుతో అంచు పట్టుకుని తిప్పి వెనక ముడులు చూసింది. ముడులు సరిగానే వెనకవైపు ఉన్నాయి. బిళ్ళను తిరగేసి కుట్టలేదు. బిళ్ళే అలా పుట్టింది. గరిటె పిడీ, కట్టు కట్టే చెయ్యీ కూడా తిరగబడే ఉన్నాయి.

ఆమె స్టూలు వెతుక్కుని కూర్చుంది. డాక్టరు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"ఇవి ఎవరికీ ఇవ్వని బిళ్ళలండీ" అంది చివరికి. "నేను పనిలో చేరిన కొత్తల్లో మిషను మీద డిజైను అట్టలు తిరగేసి పెట్టాను. ఆ రోజు కుట్టినవన్నీ ఇలా ఎడమకు తిరిగాయి. ఒక్కటీ బయటికి వెళ్ళకూడదు, ముక్కలు చేసి పారెయ్యమన్నారు. కత్తెర పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు లాంచీ డ్రైవరు శిబిరం సామాను ఎక్కించుకోవడానికి వచ్చాడు. వాళ్ళమ్మాయి పెట్టె మీద కూర్చుని కాళ్ళూపుతూ నావంకే చూస్తోంది. 'అక్కా, పిట్ట ఎటు చూస్తే ఏమైంది? పారేసే బదులు నాకియ్యరాదూ' అంది. గుప్పెడు తీసి దాని ఒళ్ళో పోశాను. మిగతావన్నీ కత్తిరించేశాను."

డాక్టరు పట్టీ వైపు వంగాడు. "అంటే ఈ అమ్మాయి..."

"డ్రైవరు కూతురు. వాళ్ళ నాన్న చెప్పింది నిజం."

"నేను రాసి సంతకం పెట్టానంటే ఇక తిరుగుండదు. ముందు ఆ టీచరుగారికి చెప్పాలి. నేను వెళ్ళనా?"

"వద్దండీ. అవునని నోరు జారింది నేను. నేనే వెళ్తాను."

టీచరు గారిల్లు తలుపులు బార్లా తీసి ఉంది. గది గదంతా కడిగిన తడి ఆరలేదు. మంచం మీద కొత్త తెల్లగుడ్డ మడత పెట్టి ఉంది. రిటైరై ఏళ్ళయినా టీచరు గారు ఇంకా నిటారుగానే కూర్చుంటారు. పిన్నిని చూడగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ అంతకుముందెప్పుడూ ఎవరినీ అలా తాకలేదు.

"రా, కూర్చో. నువ్వు చెప్పబట్టే అది ఇంటికొస్తోంది."

పిన్ని కూర్చోలేదు. చెప్పవలసింది నిలబడే చెప్పింది. పిట్ట సంగతి, ఇత్తడి బిళ్ళ సంగతి, పెట్టె మీద కూర్చున్న పిల్ల సంగతి. టీచరు గారు క్లాసులో తప్పు జవాబు చెబుతున్న పిల్లను వింటున్నట్టు, మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. పట్టుకున్న చెయ్యి మాత్రం వదిలేశారు.

"నిన్న అవునన్నావు."

"అన్నానండీ. ఫోటో తిరగబడిందనుకున్నాను."

"ఇవాళ కాదంటున్నావు. రేపు మళ్ళీ ఏమంటావో."

"రేపు కూడా ఇదేనండీ."

టీచరు గారు మంచం దగ్గరికి వెళ్ళి తెల్లగుడ్డ మడత సరిచేశారు. అటే తిరిగి ఉండి, గొంతు తగ్గించి, "ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?" అన్నారు.

"డాక్టరుగారికి, నాకు."

"ఆ డ్రైవరు పోయాడు కదా. ఇక దానికోసం ఏడ్చేవాళ్ళెవరున్నారు?"

"తల్లి ఉందండీ."

"తల్లికి కూతురు బతికే ఉందని నమ్మకం. ఊళ్ళో అందరికీ తెలుసు. మొగుడు ఎక్కడో దాచాడు, ఎప్పటికైనా వస్తుందని ఎదురుచూస్తోంది. ఆమెను అలాగే ఉండనీ. నేను ఎదురుచూడలేను ఇంక. నాకు ఇచ్చెయ్." ఆవిడ వెనక్కి తిరిగారు. ఏడవడం లేదు. లెక్క విడమరిచి చెబుతున్నట్టే ఉంది మొహం. "ఎవరికీ నష్టం లేదు. ఆమెకు ఆశ మిగులుతుంది, నాకు ఎముకలు మిగులుతాయి. నేను మంచిగా మట్టి చేస్తాను ఆ పిల్లని. నా బిడ్డలాగే చేస్తాను."

పిన్ని గుమ్మం వైపు జరిగింది. వస్తానని చెప్పి బయటపడింది. వీధిలోకి వచ్చాక కూడా టీచరు గారి మాటే చెవుల్లో గింగురుమంటోంది. ఆ మాటలో తప్పెక్కడుందో ఆమెకు దొరకలేదు.

ఇంటికి వెళ్ళేసరికి భర్త వరండాలో గోడగడియారం విప్పుకుని కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పి, "ఏం చెయ్యమంటారు?" అంది.

అతను స్క్రూ నోట్లో పెట్టుకుని ఆలోచించి, తీసి అన్నాడు. "నేను చెప్పను. ఏం చెప్పినా రేపు నన్నంటావు."

"అననులెండి. చెప్పండి."

"ఆ డ్రైవరు నా దగ్గర వాచీ బాగుచేయించుకోవడానికి వచ్చేవాడు, జైలు నుంచి వచ్చాక. బల్ల ముందు నిలబడేవాడు గానీ కుర్చీ చూపిస్తే కూర్చునేవాడు కాదు. ఎవరైనా లోపలికొస్తే వాచీ వదిలేసి వెళ్ళిపోయేవాడు. నేను కూడా ఊళ్ళోవాళ్ళ మాటే నమ్మాను." అతను మళ్ళీ గడియారం లోపలికి తల పెట్టేశాడు.

పిన్ని ఆ పూట అన్నం కెలికి వదిలేసింది. తెల్లవారాక ఆఫీసుకు పోకుండా పెద్దాస్పత్రి దారి పట్టింది.

డ్రైవరు భార్యది ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. ఆవిరితో నిండిన పొడుగాటి గది, మిషన్ల మోత. బక్కపలచటి మనిషి, ఇంత పెద్ద దుప్పటి ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, రెండో కొస కోసం చేతులు చాస్తోంది. పిన్ని వెళ్ళి ఆ రెండో కొస అందుకుంది. దుప్పటికి అటొకరు ఇటొకరు నిలబడి లాగి, దులిపి, దగ్గరికొచ్చి కలిపారు.

"కొత్తగా చేరావా అమ్మా?"

"లేదక్కా. నేను దళం ఆఫీసులో బిళ్ళలు కుట్టేదాన్ని. మీతో మాట్లాడాలని వచ్చాను."

దళం అన్న మాట వినగానే ఆమె మొహం మూసుకుపోయింది. "మా ఇంటి మీదికి రాళ్ళు విసిరినవాళ్ళలో దళం వాళ్ళూ ఉన్నారు" అంటూ ఇంకో దుప్పటి తీసింది. పిన్ని దాని కొస కూడా పట్టుకుంది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. మిషన్ల మోతలో వినపడాలంటే గట్టిగా చెప్పాలి. అలాంటి మాటను అంత గట్టిగా చెప్పవలసి రావడం ఆమెకు నరకంగా ఉంది.

డ్రైవరు భార్య మడత ఆపలేదు. చెప్పడం అయిపోయాక కూడా రెండు దుప్పట్లు మడిచి దొంతరలో పెట్టింది. మూడోది పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మా ఆయన పోయేముందు కూడా అడిగాను" అంది. "ఇప్పుడైనా చెప్పు, దాన్నెక్కడ దాచావు, అని. నీళ్ళల్లో ఉందే, ఎన్నిసార్లు చెప్పను, అన్నాడు. మొండివాడు, చస్తూ కూడా చెప్పడం లేదనుకున్నాను. ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు. మంచినీళ్ళిచ్చాను గానీ మాట్లాడలేదు."

పిన్ని దుప్పటి కొస వదల్లేదు.

"ఆయన అబద్ధమాడాడనుకోబట్టే ఇన్నాళ్ళూ బతికాను తల్లీ. ఎక్కడో పెళ్ళిచేసుకుని పిల్లలతో ఉంటుందనుకునేదాన్ని. ఏ బస్సులో ఆ వయసుదాన్ని చూసినా ఎగాదిగా చూసేదాన్ని. ఇప్పుడేమో ఆయన మాట నిజమైంది. ఆయనా లేడు, అదీ లేదు. నాకు ఈ నిజం ఎందుకు చెప్పావు?"

పిన్ని "నాకూ తెలీదక్కా" అంది.

ఆ తల్లి తన మొహం దుప్పటితోనే తుడుచుకుని, తడిసిందని దాన్ని మళ్ళీ ఉతికే కుప్పలో పడేసింది. "చూపిస్తారా?" అని అడిగింది.

గాజు పలక ముందు ఆమె పిట్టను చూడలేదు. పట్టీ అంచును చూసింది. వేలు పెట్టబోయి డాక్టరు వంక చూస్తే, ఆయన ఫర్వాలేదన్నట్టు తలాడించాడు.

"ఇది మా కిటికీ తెర అండీ. నీలం నైలాన్ తెర. ఒకరోజు అంచు పొడుగునా లేదు. ఎలకలు కొరికాయనుకుని మందు పెట్టాను." ఆమె వేలు కుట్ల వెంట నడిచింది. పెద్దవీ చిన్నవీ, వంకరటింకర కుట్లు. "వలలు కుట్టే దారం ఇది. ఆయన తెచ్చిన ఉండ ఉండేది. నా సూది పట్టుకెళ్ళి తలుపు వెనక కూర్చునేది. ఏం కుడుతున్నావే అంటే, అయ్యాక చూపిస్తా అనేది." చెయ్యి వెనక్కి తీసుకుని, డాక్టరుతో, "రాసుకోండి. మా అమ్మాయే" అంది.

ఆ పిల్లను తండ్రి పక్కనే పాతిపెట్టారు. తల్లి, లాండ్రీలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు, డాక్టరు, పిన్ని, ఆమె భర్త, అంతే వచ్చారు. డ్రైవరు సమాధి మీద కలుపు ఏపుగా పెరిగి ఉంటే పిన్ని భర్త ఎవరూ చెప్పకుండానే కూర్చుని పీకాడు. పత్రికలో ఈ వార్త లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. డ్రైవర్ను కొట్టినవాళ్ళలో ఇంకా బతికున్నవాళ్ళు చదివారో లేదో, ఒక్కరూ ఆ తల్లి గుమ్మం తొక్కలేదు.

టీచరు గారు పిన్నితో మాట మానేశారు. కానీ ఎండిన జలాశయానికి రోజూ గొడుగు వేసుకుని వెళ్ళేవారు. చట్రం చుట్టుపక్కల ఇంకా తవ్విస్తున్నారు. పిన్ని కూడా సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి, మట్టి జల్లించేవాళ్ళ దగ్గర కూర్చునేది. తుప్పు పట్టిన రేకు ముక్కల్లో ఇత్తడి బిళ్ళ కోసం వెతికేది. టీచరు గారు గట్టు మీద, ఆమె గుంతలో. పలకరింపు లేదు. ఒకసారి పిన్ని చేతికి గుండ్రటిదేదో తగిలితే టీచరు గారు గట్టు దిగి సగం దూరం వచ్చారు. అది సీసా మూత. పిన్ని తల అడ్డంగా ఊపింది. ఆవిడ మళ్ళీ గట్టెక్కారు.

తర్వాత వానలు పడ్డాయి. గుంతల్లోకి నీళ్ళు వచ్చాయి, చట్రం మునిగింది, కూలీలు సామాను సర్దుకున్నారు.

ఒడ్డున పోయిన పిల్లల పేర్లు చెక్కిన రాయి ఉంది. దానిమీద డ్రైవరు కూతురి పేరు చేర్చాలని పిన్ని దళం సమావేశంలో అడిగింది. సభ్యురాలు కాదు కదా అని ఒకరన్నారు. అందరితో పాటు మునిగింది కదా అని పిన్ని అంది. చాలాసేపు వాదన నడిచింది. చివరికి రాతి మీద కాకుండా దాని కింద చిన్న పలక పెట్టడానికి ఒప్పుకున్నారు. పలక బిగించే రోజున తల్లి రాలేదు. లాండ్రీలో డ్యూటీ ఉందని కబురు పంపింది.

టీచరు గారు వచ్చారు. తడి గడ్డిలో నిలబడి కొత్త పలకను వంగి చదివారు. పిన్ని కాస్త దూరంగా జరిగి నిలబడింది. అన్నాళ్ళ తర్వాత టీచరు గారు ఆమెవైపు తిరిగి మాట్లాడారు.

"ఎంత వయసు ఈ పిల్లది?"

"పదకొండండీ."

"మాదానికి పన్నెండు" అన్నారు టీచరు గారు. ఇంకేమైనా అంటారేమోనని పిన్ని చూసింది. ఆవిడ గొడుగు విప్పుకుని, నిండుతున్న నీళ్ళను చూస్తూ అక్కడే ఉండిపోయారు. చినుకులు పెద్దవయ్యేదాకా పిన్ని కూడా కదల్లేదు.